మా పిన్నీ, ఉచిత సలహాదారూ

పోయిన నెలలో ఒక ఉదయం చిక్కడపల్లి నుంచి ఫోన్ వచ్చింది. మా పిన్ని ఉండే మేడలో కింది వాటా ఆవిడ చేసింది. "అమ్మా, మీ పిన్నిగారు ఎంత లేపినా లేవట్లేదు. ఒకసారి రండి," అంది. నేను వెళ్ళేసరికి డాక్టరు వచ్చి వెళ్ళిపోయాడు. నిద్రలోనే పోయిందట. పిన్ని తమ్ముడు, అంటే మా మామయ్య, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నన్ను చూసి, "అక్క ఇంకా కాఫీ ఇవ్వలేదు," అన్నాడు.

దగ్గరి బంధువులకి కూడా కబురు పూర్తిగా అందకముందే నా ఫోన్‌లో ఒక సంతాప సందేశం దిగింది. సూర్యాస్తమయం బొమ్మ, దాని మీద వెలుగుతున్న దీపం, 'మీ కుటుంబానికి మా ప్రగాఢ సానుభూతి'. కింద కంపెనీ ముద్ర. ఇంకా కింద చీమ తలకాయంత అక్షరాల్లో, పెట్టుబడుల్లో నష్టభయం ఉంటుందన్న హెచ్చరిక. చావు కబురు కింద కూడా ఆ హెచ్చరిక తీసేయాలని తోచలేదు వాళ్ళకి.

పంపినవాడు చాలా ఏళ్ళు మా పిన్ని డబ్బు 'చూసుకున్న' సలహాదారు. ఆమె ఆఫీసు స్నేహితురాలి కొడుకు. మా ఇళ్ళల్లో అతన్ని పేరుపెట్టి ఎవరూ అనరు, 'మనవాడు' అంటారు. నేనూ ఇక్కడ అలాగే అంటాను. పేరు రాసి ఈ కాగితం పాడుచేయడం దేనికి?

పిన్ని ప్రభుత్వాఫీసులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. మామయ్యకి అరవై దగ్గరపడుతున్నా బుద్ధి ఏడెనిమిదేళ్ళ పిల్లాడిదే. తను పోయాక అతను ఎవరి గుమ్మం ముందూ కంచం పట్టుకుని నిలబడకూడదు. ఆమె బతుకంతా ఆ ఒక్కదాని కోసమే. రిటైరైనప్పుడు చేతికొచ్చిన ప్రతి రూపాయీ అందుకే దాచింది. ఓపిక ఉండగానే అతనికి అశోక్ నగర్‌లో ఒక మెస్సు అలవాటు చేసింది. పోటీ పరీక్షలకి చదువుకునే పిల్లలు తినే చోటు. రెండు పూటలా అక్కడే తిని వస్తాడు. "నేను ఉండగానే నేను లేకుండా తినడం నేర్చుకోవాలి వాడు," అనేది. చెబుతున్నప్పుడు గొంతులో తేడా కూడా వచ్చేది కాదు. నాకే ఏడుపొచ్చేది.

బేరం ఆడటంలో ఆమెని మించినవాళ్ళని నేను చూడలేదు. నారాయణగూడ చౌరస్తాలో ఆటోవాడు ఎంతో చెప్పందే అడుగు లోపల పెట్టేది కాదు. "ముందు ధర చెప్పనివాడి దగ్గర కరివేపాకు కూడా కొనకూడదే," అనేది నాతో. అలాంటి మనిషి, తన జన్మంతా కూడబెట్టింది అప్పజెప్పేటప్పుడు మాత్రం 'నీకెంత' అని అడగలేదు. ఎలా అడుగుతుంది? మనవాడాయె. మొహమాటానికి పోతే అని ఒక సామెత ఉంది, మిగతా సగం ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. మన పేటల్లో ఈ సలహాల వ్యాపారం మొత్తం ఆ సామెత మీదే నడుస్తోంది.

మనవాడి వినయం చూసి తీరాలి. వస్తూనే కాళ్ళకి దణ్ణం. "మీ దగ్గర పైసా తీసుకుంటే కళ్ళు పోతాయి పిన్నిగారూ," అనేవాడు. దీపావళికి జీడిపప్పు డబ్బా తెచ్చేవాడు. ఏడాదికోసారి "ఈ ఫండు పాతబడిందండీ, వేరేదానికి మారుద్దాం," అనేవాడు. పిన్ని కళ్ళజోడు తుడుచుకుని సంతకాలు పెట్టేది. మార్చిన ప్రతిసారీ ఎవరికి లాభమో మాకెవరికీ తట్టలేదు. జీడిపప్పు బాగుందనుకుంటూ తిన్నాం.

కొన్నేళ్ళకి ఊరి చివర అతను ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిచాడు. నేనూ పిన్నీ వెళ్ళాం. మెట్లు ఎక్కుతుంటేనే అతని భార్య ఎదురొచ్చి పిన్ని చేతులు పట్టుకుని, "అంతా మీలాంటి పెద్దల చలవే పిన్నిగారూ," అంది. పాపం, ఆ పిల్ల నిజమే చెప్పింది. తిరిగొస్తూ లోయర్ ట్యాంక్ బండ్ దాటాక పిన్ని, "నా చలవతో ఇల్లు ఎలా లేచిందే?" అంది.

మర్నాడే అతన్ని పిలిపించింది. నేను అక్కడే ఉన్నాను.

"నీకు జీతం ఎవరిస్తారు నాయనా?"

"ఫండ్ కంపెనీవాళ్ళు కమీషన్ ఇస్తారండి. మీ జేబులోంచి కాదు."

"వాళ్ళకి ఎక్కడిది?"

"అంటే... మీరు పెట్టినదాంట్లోంచే మినహాయించుకుంటారు. చాలా చిన్నదండి, ఒక శాతం."

"ఒక్కసారా?"

"ఏటేటా ఉంటుందండి. డబ్బు మా ద్వారా ఉన్నంతకాలం."

"శాతాలు నాకొద్దు. రూపాయల్లో చెప్పు."

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. ఫోన్ తీశాడు, నొక్కాడు, మళ్ళీ నొక్కాడు. చివరికి చెప్పాడు. పిన్ని కళ్ళు మూసుకుని మనసులో ఏదో భాగించుకుంది. "ఏడాదిలో ఆరు నెలలు మా తమ్ముడి భోజనం నువ్వు తింటున్నావన్నమాట," అంది. కోపంగా కాదు, జమాఖర్చు చదివినట్టు అంది. మనవాడు అప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు గుర్తొస్తే నాకిప్పటికీ అసహ్యం వేస్తుంది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీళ్ళు అడగకుండానే తీసుకుంటారు, పైగా దానికి ఉచితమని పేరు.

ఆ తర్వాత పిన్ని ఒక అమ్మాయిని వెతికి పట్టుకుంది. పాలమూరు వైపు పిల్ల. ఒకప్పుడు అశోక్ నగర్ హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలు రాసింది, రాలేదు, ఈ సలహాల పనిలోకి వచ్చింది. వచ్చి కూర్చోగానే, "మేడం, నేను ఫీజు తీసుకుంట. సాలుకింత అని ముందే చెప్త. కమీషన్ ఎవరి తాన గూడ తీసుకోను. ఎక్కువనిపిస్తే ఇప్పుడే చెప్పుర్రి, నేనేమీ అనుకోను," అంది. రెండు నెలల మెస్సు ఖర్చంత చెప్పింది. పిన్ని అలవాటుకొద్దీ బేరమాడింది. ఆ పిల్ల ఒక్క రూపాయి తగ్గలేదు. పిన్నికి అది నచ్చింది. లోపలికి వెళ్ళి పళ్ళెంలో తమలపాకులు, వక్కలు, రవికెల గుడ్డ పెట్టి, పైన ఫీజు పెట్టి ఇచ్చింది.

మేడలో వాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "ఊరికే చేసిపెట్టేవాడు ఉండగా ఆ పిల్లకి అంత పోస్తారా ఎవరైనా?" అన్నారు. ఉచితమంటే ఫినాయిల్ కూడా తాగే జనం. వాళ్ళందరి దగ్గరా జీడిపప్పు డబ్బాలున్నాయి. పిన్ని జవాబు ఒకటే. "ఇచ్చేది కళ్ళకి కనపడితే నొప్పి తెలుస్తుంది. నొప్పి తెలిస్తే పని అడుగుతాం." ఆ మాట నాకు చాలా చోట్ల పనికొచ్చింది, డబ్బు విషయంలోనే కాదు.

పిన్ని పోయిన పదోరోజున మనవాడు వచ్చాడు. ఫొటోకి దండ వేశాడు, కళ్ళు ఒత్తుకున్నాడు, నా పక్కన కుర్చీ లాక్కున్నాడు. నామినీని నేనేనని ఎలా తెలిసిందో మరి. "అక్కా, పిన్నిగారు పెద్దతనంలో ఎవరి మాటో విన్నారు. ఆ ఫీజు దండగ మానేద్దాం. మామయ్యగారి డబ్బు మళ్ళీ నేనే చూసుకుంటాను. మీ దగ్గర పైసా తీసుకోను," అన్నాడు. పక్కనే ఉన్న, నాకు బాబాయి వరసయ్యే ఒకాయన తల ఊపాడు. "నిజమేనమ్మా, ఖర్చు కలిసొస్తుంది. మనవాడే కదా," అన్నాడు. హాలంతా నా వైపు చూస్తోంది. కాదంటే చావింట్లో గొడవ పెట్టుకున్నదాన్నవుతాను. అవునంటే మామయ్య కంచంలో సగం పోతుంది. మొహమాటం నాకూ ఉంది.

"ఆ డబ్బు నువ్వు ముట్టుకోవడానికి వీల్లేదు," అన్నాను. "వచ్చావు కాబట్టి భోంచేసి వెళ్ళు. ఇక్కడ పెట్టేది నిజంగానే ఉచితం."

అతను తినకుండానే వెళ్ళాడు. బాబాయి వరస ఆయన ఇప్పటికీ నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోతే మానె.

మొన్న మామయ్యతో కలిసి అశోక్ నగర్ మెస్సుకి వెళ్ళాను. పుస్తకాలు బల్ల మీదే పెట్టుకుని పిల్లలు గబగబా తింటున్నారు. మామయ్య గోడ పక్కన కూర్చున్నాడు. పప్పు అయింది, పులుసు అయింది, పెరుగన్నం అయింది. వడ్డించే ఆవిడ గిన్నెతో వచ్చి, "ఇంకింత ఎయ్యనా పెద్దాయనా?" అంది. మామయ్య ఆమెకి జవాబు చెప్పకుండా నా వైపు తిరిగాడు.

"అక్క డబ్బులు కట్టిందా?"

"కట్టింది మామయ్యా."

అప్పుడు కంచం ముందుకి జరిపాడు.