తాళాలు పెట్టని రోజు

వానలకు మా తార్నాక అపార్ట్‌మెంట్ సెల్లార్ చెరువైనాక, ఆపదలో ఒకరికొకరం పనికి రావాలని అసోసియేషన్ తీర్మానించింది. ఇంటికొకరు ప్రథమ చికిత్స నేర్చుకోవాలి. మా ఇంట్లో ఏ పనికీ రానివాణ్ణి నేనే కాబట్టి మా ఆవిడ నా పేరు రాయించింది.

పైకి చెప్పని కారణం నాకూ ఒకటుంది. మా వాచ్‌మన్ భార్యకు ఫిట్స్ వస్తుంటాయి. వచ్చినప్పుడల్లా అన్ని ఫ్లాట్ల వాళ్ళం తాళాలగుత్తులతో పరుగెత్తి ఆమె చేతిలో కుక్కేవాళ్ళం. ఇనుము తగిలితే తగ్గుతుందని నమ్మకం. పోయినసారి అందరికంటే ముందు చేరిన ఘనుణ్ణి నేనే. నా బీరువా తాళం ఆమె అరచేతిని చీరేసింది. ఆ గాటు కనబడినప్పుడల్లా నేను లిఫ్టు బటన్ వైపు చూసేవాణ్ణి.

క్లాసులు యూనివర్సిటీ క్యాంపస్‌లో, ఆదివారాలు. నేర్పే నర్సమ్మకు నా కూతురి వయసు. గుండె ఒత్తడం నేర్పే బొమ్మ ఛాతీ మీద నేను చేతులు వేయగానే, "సార్, గిది చపాతీ పిండి కాదు. గట్టిగ ఒత్తుండ్రి," అంది. ఒత్తాను. బొమ్మకు ప్రాణం పోయబోయి నా ప్రాణమే పోయేలా ఉంది.

మూడో ఆదివారం ఫిట్స్ పాఠం. నేను తాళాల సంగతి అడిగితే సగం క్లాసు తలూపింది. అందరి ఇళ్ళలోనూ అదే వైద్యం.

"తాళాలు తలుపులకే సార్," అందామె. చేతిలో, నోట్లో ఏమీ పెట్టకూడదు, అదిమి పట్టకూడదు. తల కింద మెత్తటిది పెట్టి, వాచీ చూడాలి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్. కుదుపులు తగ్గాక పక్కకు తిప్పాలి.

ఆ గురువారమే వాచ్‌మన్ భార్య సెల్లార్‌లో పడిపోయింది. దగ్గరున్నది నేనే. స్కూటర్ పక్కకు జరిపి, నా తువ్వాలు మడిచి తల కింద పెట్టాను. అప్పటికే మెట్ల మీద గలగలలు. చేతులు చాపి అడ్డం నిలబడ్డాను. మూడో అంతస్తు పెద్దావిడ గుత్తి పట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"తాళం పెట్టకుంటే ఎట్ల తగ్గుతది? ఏమన్న అయితే నీదే పూచీ."

వాచీ చూస్తూ నిలబడ్డాను. ముల్లు కదలడమే మానేసిందనుకున్నాను.

మూడో నిమిషంలో కుదుపులు ఆగాయి. మెల్లగా పక్కకు తిప్పాను. కాసేపటికి ఆమెకు తెలివొచ్చింది. ముందు అరచేయి తెరిచి చూసుకుంది.

"ఇయ్యాల తాళాలు పెట్టలేదా సారూ?"

"లేదమ్మా. ఇక పెట్టం."

ఆమె నన్ను తేరిపార చూసి, అప్పుడే పరుగెత్తుకొచ్చిన మొగుడి వైపు తిరిగింది.

"సారుకు నీళ్ళియ్యి. చేతులు వణుకుతున్నయ్."