మిషను ఆగే చోటు

భార్య పోయినప్పుడు మేస్త్రి ఏడవలేదు. చూడ్డానికి వచ్చినవాళ్లు చెవులు కొరుక్కున్నారు, ఈ మనిషిది గుండెనా, బండనా అని. వాళ్ల నోళ్లు పడిపోను! ఏడుపు రావాలంటే ముందు నొప్పి తెలియాలి కదా. ఆయనకు అదే తెలియడం లేదు. పనికి పిలిస్తే వెళ్తున్నాడు, టైల్సు పరిచి వస్తున్నాడు, పెట్టింది తింటున్నాడు. ఓరోజు కూరలో ఉప్పు మరిచిపోయానని కూతురు నాలిక కరుచుకునేసరికి ఆయన కంచం ఖాళీ చేసి చెయ్యి కడుక్కుంటున్నాడు. భార్య కుట్టు మిషను తీసుకెళ్తానని మరదలు అడిగితే, కుర్చీ జరుపుకోమన్నంత మామూలుగా తీసుకెళ్లమన్నాడు.

ఆయన పరిచిన నేలకు వంక పెట్టడం ఎవరి తరమూ కాదు. దారం కట్టి, రసమట్టం పెట్టి, రబ్బరు సుత్తితో తట్టి ఒక్కో పలకనూ గీతలోకి తెస్తాడు. వెంట్రుకవాసి జరిగినా పీకి మళ్లీ వేస్తాడు. ఇంట్లో మాత్రం ఆ పట్టింపు సాగేది కాదు. భార్య దిండు గలీబులు కుట్టేది. ఆమె కుడికాలు చిన్నప్పుడు విరిగి అతుక్కున్నది. మిషను తొక్కుతుంటే ఆ కాలు ఉండుండి మొరాయించేది. మిషను ఠక్కున ఆగి, పోయిన పరుగంతా కలుపుకోవాలన్నట్టు గబగబా సాగేది. ఆదివారం మధ్యాహ్నం మంచం మీద కునుకు తీసే మేస్త్రికి అది ఒళ్లుమంట. ఆగినప్పుడల్లా కళ్లు తెరవకుండానే అడిగేవాడు.

“ఏమైందే, దారం తెగిందా?”

“తెగలేదులే, పడుకో” అనేది ఆమె.

ఏళ్ల తరబడి ఇదే సంసారం.

కూతురు కొరియర్ ఆఫీసులో పనిచేస్తుంది. తీరిక దొరికితే ఇంట్లో కంప్యూటర్ మీద పాటలకు బీట్లు కట్టుకోవడం ఆమె సరదా. ఆదివారాలు తండ్రి గోడకేసి చూస్తూ కూర్చోవడం చూడలేక ఆయన్నీ దాని ముందు కూర్చోబెట్టింది. ఇదేం బ్రహ్మవిద్య కాదంది. ఫోన్‌తో చప్పుడు పట్టుకోవాలి, ముక్కలుగా కోయాలి, తెర మీది గళ్లలో పెట్టాలి, నొక్కితే అదే తిరుగుతూ ఉంటుంది. మేస్త్రి సుత్తితో ఓ పలకను తట్టి ఆ చప్పుడు పట్టాడు. బియ్యం డబ్బా మూత ఒకటి, చీపురు ఊడ్పు ఒకటి. గళ్లు కనబడగానే చెయ్యి దానంతటదే పనిలో పడింది. నేల పరిచినట్టే పరిచాడు. బాగుందో లేదో తెలియలేదు గానీ పొద్దుపోయింది.

మరుసటి ఆదివారం కూతురు ఇంకో చప్పుడు వినిపించింది. అమ్మ మిషను. బీటుకు పనికొస్తుందని ఆమె బతికుండగా పట్టుకున్నది. పట్టిన ఫోన్ ఎప్పుడో పాడైపోయింది.

“జాగ్రత్త నాన్నా, అమ్మది ఇదొక్కటే మిగిలింది” అని చెప్పి బజారుకెళ్లింది.

మేస్త్రి విన్నాడు. ఏమీ అనిపించలేదు. అనిపించనందుకు కాస్త భయమేసింది. పోనీ చేతనైన పనైనా చేద్దామని ముక్కలు కోశాడు. తెర మీద చూస్తే ఏముంది, ఒక్క కుట్టూ గీత మీద లేదు! పెళ్లాం పనిని వంకరగా వదిలేయడానికి ఆయనకు మనసొప్పలేదు. ఒక్కో కుట్టునూ జరిపి గీతలోకి తెచ్చాడు. పనయ్యాక పగిలిన పలకలు ఊడ్చిపారేయడం ఆయన అలవాటు. పాత చప్పుడునీ అలాగే తుడిచేశాడు.

కూతురు వచ్చి విన్నది. మిషను టకటకా గడియారంలా నడుస్తోంది, ఎక్కడా ఆగదు.

“ఇందులో అమ్మ ఏది నాన్నా?”

ఒక్క కుట్టు కూడా పారేయలేదన్నాడు మేస్త్రి. నిజమే, ముక్కలన్నీ ఉన్నాయి. మధ్యలో ఆమె ఆగిన జాగాలే పోయాయి. కూతురు అక్కణ్ణుంచి కదిలింది. వంటింట్లోకి వెళ్లి, కుళాయి తిప్పి గిన్నెలు తోముతూ ఏడ్చింది.

మేస్త్రి తెర ముందే ఉండిపోయాడు. ఎక్కడ ఆగేది? ఎంత చూసినా కళ్లకు గీతలే తప్ప ఏమీ అందలేదు. ఆ చప్పుడును ఆయన ఏనాడు కళ్లతో చూశాడు గనుక! వెళ్లి మంచం మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి మంచం పట్టె మీద వేళ్లు కదిలాయి. కదిలి, ఆగాయి. లేచి వెళ్లి ఓ కుట్టును గీత మీంచి తప్పించి వచ్చి మళ్లీ పడుకున్నాడు. చక్కగా పరిచిన నేలను తన చేత్తోనే పీకుతున్నట్టుంది. అయినా పీకాడు. అలా లేస్తూ, పడుకుంటూ సాయంత్రం చేశాడు.

చివరికి నొక్కి వచ్చి పడుకున్నాడు. మిషను పరుగెత్తింది. ఠక్కున ఆగింది.

“ఏమైందే, దారం తెగిందా?” అన్నాడు, కళ్లు తెరవకుండానే.

మిషను గబగబా సాగింది. ఆయన జవాబు కోసం చూశాడు. మిషను మళ్లీ ఆగింది, మళ్లీ సాగింది. జవాబు రాలేదు.

అప్పుడు తెలిసింది నొప్పి. వంటింట్లో రాత్రికి బియ్యం కడుగుతున్న కూతురు కుళాయి కట్టేసి విన్నది. మేస్త్రి గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు.