పెద్ద ముల్లు కదలని వాచీ

నేను చెబుతుంటే మా మేనకోడలు రాస్తోంది. అక్షరాలు తనవి, వాగుడు నాది.

నాకు పాత స్విట్జర్లాండ్ వాచీల పిచ్చి. నవ్వకండి. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాను ఇవ్వడం నా పని. తాడేపల్లిగూడెం నుంచి పెదపాడు దాకా నేను ఎక్కని గుమ్మం లేదు. మా ఆయన ఉన్నప్పుడు ఒకసారి పాత ప్యాంటు జేబులో వాచీ దొరికింది. తిరిగిచ్చేద్దామని వెళ్తే ఆ ఇంటావిడ, "అది పనిచెయ్యదండీ, మీరే ఉంచుకోండి" అంది.

ఏలూరులో వాచీలు బాగుచేసే ఆయన దాని వెనక మూత విప్పి చూపించాడు. లోపల బియ్యపు గింజంత చక్రాలు, మధ్యలో ఎర్ర రాళ్లు. "అక్కా, దీన్ని క్రోనోగ్రాఫ్ అంటారు. టైమూ చెబుతుంది, పరుగు పందెమూ కొలుస్తుంది" అన్నాడు. ఆ రోజే వాచీల మాయలో పడిపోయాను. "నగలు అడగాల్సిన వయసులో అడగలేదు, ఇప్పుడు వాచీలా?" అని మా ఆయన నవ్వేవాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. వాచీలు నాలుగయ్యాయి. వాటి మీది పేర్లు చదవడం నాకు రాదు. మొదటిది, రెండు కళ్లది, బంగారు అంచుది, గీత పడినది అని పిలుచుకుంటాను. కళ్లంటే లోపలుండే చిన్న గుండ్రాలు. పొద్దున్నే కాఫీ తాగి వరసగా అన్నింటికీ కీ ఇస్తాను.

ఈ వాచీల్లో ఒక తమాషా ఉంది. మధ్యనున్న పొడవాటి ముల్లు ఊరికే తిరగదు. పక్క మీట నొక్కితేనే పరుగెడుతుంది, లేకపోతే పన్నెండు మీద నిలబడి ఉంటుంది. అసలు సెకన్లు ఎడమ కంట్లో చీమలా నడుస్తుంటాయి. అది తెలియక జనం వాచీ చచ్చిపోయిందనుకుంటారు. నిజం చెప్పొద్దూ, నా నాలుగింట్లో మూడు అలా వచ్చినవే. ఆ మూడిళ్ల వైపు వెళ్లాల్సి వస్తే ఇప్పటికీ పక్క సందులోంచి పోతాను.

పోయిన వేసవిలో కొల్లేరు వైపు, చేపల చెరువు గట్టు మీదున్న ఒక ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి కోడలు ఐదు చీరలు ముందు పడేసి మూత క్యాను కావాలంది.

"ఐదు నూలు చీరలకి క్యానా! మీరే చెప్పండి, సరిపోతుందాండీ?"

"ఆగండి పిన్నిగారూ" అని లోపలికెళ్లి వాచీ తెచ్చింది. "మా మావయ్యగారిది. డ్రిల్లు మాస్టారుగా చేసేవారు. కళ్ల ఆపరేషనై నల్ల కళ్లద్దాల్లో ఉన్నారు కదా, నేనే కీ ఇచ్చి చూశాను. పెద్ద ముల్లు కదల్లేదండీ. చచ్చిపోయింది."

మూడు కళ్లది! అలాంటిది నా దగ్గర లేదు. చెవి దగ్గర పెట్టుకున్నాను. లోపల గుండె టకటకా కొట్టుకుంటోంది. దానిదో నాదో చెప్పలేను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. గిన్నె గడప దాటి లోపలికి వెళ్లిందంటే బేరం అయిపోయినట్టే. ఆ తర్వాత ఎవరు ఏడ్చినా తిరిగివ్వడం ఉండదు. క్యాను ఆమె చేతిలో పెట్టాను. ఆమె గడప దాకా వెళ్లింది.

నల్ల కళ్లద్దాలతో అరుగు మీద కూర్చున్న పెద్దాయన అన్నారు, "ఇచ్చేశావా అమ్మాయ్? పోనీలే. ఆగిపోయిందన్నావుగా." ఆ గొంతు విన్నాక వాచీని బుట్టలో వేసుకోలేకపోయాను.

"అమ్మా, గడప దాటకు" అన్నాను.

మీట నొక్కి వాచీని ఆయన చెవికి ఆనించాను. ఆయన నిటారుగా లేచి కూర్చున్నారు.

"ఎవరు నొక్కారు? పందెం గీత దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరండీ, నేనే నొక్కాను. పొడవాటి ముల్లు తిరుగుతోంది."

"తిరక్కేం చేస్తుంది! నొక్కకుండా తిరగదని మా కోడలికి ఎవరు చెప్పాలి?"

"మీరెప్పుడు చెప్పారు మావయ్యగారూ?" అంది కోడలు. క్యాను నా బుట్టలో పడేస్తూ చెవిలో గొణిగింది, "మీకు నోరు ఊరుకోదా పిన్నిగారూ?"

నల్ల కళ్లద్దాలు తీసేశాక ఆయన్ని పట్టేవాళ్లు లేరు. "కాఫీకి నాలుగు నిమిషాల పది సెకన్లు. నిన్నటి కంటే వెనకబడ్డావమ్మాయ్" అంటారట. ఆ వాచీని మళ్లీ చంపే ఉపాయం చెప్పమని ఆ కోడలు నా చెయ్యి పట్టుకుంది. చెప్పలేదు. నా నడకకీ టైము చూస్తారు మరి. గట్టు మలుపులో కనిపించగానే నొక్కుతారట.

మొన్న ధైర్యం చేసి, "ఒక్కసారి కీ ఇవ్వనిస్తారా అండీ?" అన్నాను. వాచీ విప్పి నా చేతిలో పెట్టారు. వేలి కింద కిరకిరమంటూ బిగుసుకుంటూ వచ్చింది. ఇక తిరగదని తెలిసిన చోట ఆపి, మళ్లీ ఆయన చేతికే కట్టి వచ్చాను.