చలికి ముందు చిగిర్చిన కంచె

కాన్‌బెర్రాలో నేను చేస్తున్న ఉద్యోగం ఏమిటో మా పుట్టింటివాళ్లకు చాలాకాలం చెప్పలేదు. ఎమ్మెస్సీ బోటనీ చదివి, బాపట్లలో నాలుగేళ్లు కాలేజీ పిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని. మావారు వై2కె పని మీద ఒక ప్రభుత్వ కార్యాలయానికి కాంట్రాక్టు మీద వచ్చారు. ఆయనతో వచ్చిన నాకు దొరికింది, ఊరికి ఉత్తరాన కొత్తగా లేస్తున్న గంగాలిన్ అనే ప్రాంతపు పేటల్లో వీధుల వెంటా భవనాల ముందూ చెట్లు నాటి పెంచే ఒక చిన్న సంస్థలో పని. చేతికి పార ఇచ్చారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం "మొక్కలకు సంబంధించిన ఉద్యోగం" అనేదాన్ని.

మా మేస్త్రీకి అరవై దాటాయి. పొడుగ్గా, ఎండిన కట్టెలా ఉండేవాడు. పేరు పెట్టి పిలవమన్నాడు గానీ నాకు నోరు రాలేదు. 'సర్' అన్నాను. "సర్ అని మా నాన్నను కూడా ఎవరూ పిలవలేదు" అని నవ్వాడు. బళ్లో చదివింది తక్కువ. మొక్కల లాటిన్ పేర్లు తప్పుగా పలికేవాడు. నేను వాటిని మనసులోనే దిద్దుకుంటూ ఉండేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అది రెండువేల సంవత్సరం. కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచమంతా భయపడిన జనవరి ఒకటి ఏ గొడవా లేకుండా గడిచిపోయింది. ఫిబ్రవరిలో మావారి కాంట్రాక్టు ముగించారు. అదే నెలలో మేము కొత్తగా కట్టిన ఒక పిల్లల సంరక్షణ కేంద్రం ముందు నలభై లిల్లీపిల్లీ మొక్కలు వరసగా కంచెలా నాటాం. ఆకు చూడగానే పోల్చాను, అది మన నేరేడుకు దగ్గర చుట్టం. పరాయి ఊళ్లో బంధువు కనిపించినట్టయింది. ఆ కంచె మీద నాకు ప్రత్యేకమైన అభిమానం ఏర్పడింది.

మనకు రోహిణి కార్తె ఎండలు కాసే రోజుల్లో అక్కడ చలి మొదలవుతుంది. మార్చి చివర్నుంచే మేస్త్రీ మా చేత చలి పనులు చేయించేవాడు. చెట్ల మొదళ్ల చుట్టూ బెరడు ముక్కలు మందంగా పరవాలి, కానీ కాండానికి తగలకూడదు, తగిలితే కుళ్లుతుంది. ఊతకర్రలకు కట్టిన పట్టీలు కాస్త వదులు చేయాలి. గాలికి ఊగిన చెట్టే గట్టిపడుతుంది. ఆకాశం మబ్బు లేకుండా తేటగా ఉన్న సాయంత్రాల్లో ముందే నేల తడపాలి. తడి నేల పగటి వేడిని కొంత దాచుకుంటుంది.

"చలి జూన్‌లో కదా, ఇప్పట్నుంచే ఇంత హడావిడి ఎందుకు?" అని అడిగాను.

"చలి వచ్చాక మనం చేయగలిగింది ఏమీ ఉండదు" అన్నాడు.

ఏప్రిల్ నెలాఖరులో ఆయన కూతురి కాన్పుకని రెండు వారాలు బ్రిస్బేన్ వెళ్లాడు. ఆ కేంద్రం బాధ్యత నాకు అప్పగించాడు. కంచె నీరసంగా, ఆకులు పాలిపోయి కనిపించింది. పిల్లలు అప్పటికే వస్తున్నా, లాంఛనంగా చేసే ప్రారంభోత్సవం దగ్గరపడుతోంది. నాకు తెలిసిన శాస్త్రమంతా ముందుకొచ్చింది. కొసలు కత్తిరించాను. నత్రజని ఎక్కువున్న ఎరువు వేసి, బాగా నీళ్లు పెట్టాను. ఆ వారం పగళ్లు వెచ్చగా ఉన్నాయి. పది రోజులు తిరక్కుండానే నలభై మొక్కలూ రాగి రంగు కలిసిన గులాబీ చిగుళ్లు వేశాయి. పిల్లలను దింపడానికి వచ్చిన తల్లులు ఆగి చూశారు. మావారిని కూడా తీసుకెళ్లి చూపించాను.

మేస్త్రీ తిరిగి వచ్చి కంచె ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒక చిగురును రెండు వేళ్లతో పట్టుకున్నాడు. వెన్నలా మెత్తగా ఉంది.

"నిద్రపోవాల్సిన వీటిని ఎవరు లేపారు?" అన్నాడు. నేను నోరు విప్పేలోపే తనే జవాబు చెప్పుకున్నాడు. "ఆ నర్సరీ వాళ్లే అయ్యుంటారు. వెచ్చటి షెడ్డులో పెంచి, ఎరువు దట్టించి మనకు అంటగట్టారు. ఇప్పుడే ఫోన్ చేస్తాను."

నాకప్పుడు అర్థమైంది. క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో, లేత కణజాలంలో నీరెక్కువని, గడ్డకడితే కణాల పొరలు చిరుగుతాయని. బాపట్లలో బోర్డు మీద రాసిన ఆ మాటకు నేను నిలబడ్డ నేలతో సంబంధం ఉందని తోచనే లేదు. ఆయన వ్యాను వైపు నడుస్తున్నాడు. ఊరుకుంటే సరిపోయేది. నర్సరీ వాళ్లు నాకెవరో తెలియదు. నాలుగడుగులు వెయ్యనిచ్చాను కూడా. ఆ నాలుగడుగులూ ఇప్పటికీ గుర్తే.

"సర్, వాళ్లు కాదు. నేనే" అన్నాను.

కత్తెర సంగతీ ఎరువు సంగతీ అంతా చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన ఆకాశం వైపు చూసి, "గట్టి చలికి ఇంకో పది రోజులుండొచ్చు. గోనెగుడ్డ ఎంతుందో చూడు" అన్నాడు. అంతే.

నలభై మొక్కల చుట్టూ గుంజలు పాతి, ఆకుకు తగలకుండా గోనెగుడ్డ చుట్టి, పైన కప్పాలి. మా ఇద్దరి వల్లా అయ్యేది కాదు. ఆ సాయంత్రం మావారిని అడిగాను.

"శనివారం కాస్త రాగలరా?"

"ఏమో, జాబ్ ఏజెంట్ నుంచి కాల్ ఎక్స్‌పెక్ట్ చేస్తున్నాను."

"శనివారం ఎవరు కాల్ చేస్తారండీ?"

చేతిలో పేపరు మడిచి పక్కన పెట్టారు. తర్వాత మెల్లగా అన్నారు. "ఆ సెంటర్‌కి మనవాళ్ల పిల్లలు ఇద్దరు ముగ్గురు వెళ్తున్నారు. నన్ను పారతో చూస్తే ఏమనుకుంటారు? బిట్వీన్ కాంట్రాక్ట్స్ అని చెప్తున్నాను అందరికీ."

"నన్ను చూస్తూనే ఉన్నారుగా" అన్నాను. గట్టిగా అనాలని అనలేదు, అలా వచ్చేసింది. ఆయన నా ముఖంలోకి చూశారు. నేను పని చేస్తున్న చోటుకు అంతకు ముందు ఆయన వచ్చింది ఒక్కసారే, అదీ చిగుళ్లు చూడ్డానికి.

శనివారం పొద్దున్నే నాకంటే ముందు తయారై కారులో కూర్చున్నారు.

మధ్యాహ్నం టీ తాగుతూ మేస్త్రీ ఆయన్ని ఏం పని చేసేవాడివని అడిగాడు. మావారు వై2కె గురించి వివరించారు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండటం, లక్షల లైన్లు వెతికి దిద్దటం, అన్నీ. చివర్లో, "రెండేళ్లు కష్టపడ్డాం. ఆ రోజు ఏమీ జరగలేదు. అసలు ఏమీ జరిగేది కాదేమో, అనవసరంగా భయపెట్టారు అంటున్నారు ఇప్పుడు" అన్నారు. ఆ మాట నాతో ఎప్పుడూ అనలేదు. ఉద్యోగం పోయినందుకే దిగులనుకున్నాను గానీ, చేసిన పనికి విలువ లేకుండా పోయినందుకని నాకు తెలియలేదు.

మేస్త్రీ కప్పు కింద పెట్టాడు. "బతికిన చెట్టుని చూసి, దీన్ని ఎవరో కాపాడారని ఎవరూ అనరు. చచ్చిన చెట్టునే అందరూ చూస్తారు" అని, మళ్లీ గుంజ అందుకున్నాడు. మావారు ఆ రోజు వెలుతురు ఉన్నంతసేపూ ఆగకుండా పని చేశారు.

మేస్త్రీ తిరిగొచ్చిన తొమ్మిదో రోజు తెల్లవారేసరికి నేలంతా ఉప్పు పరిచినట్టు తెల్లగా ఉంది. మనం పొగనూ చినుకునూ గడ్డనూ అన్నిటినీ మంచు అనే అంటాం గానీ, ఇది కరకరలాడే మంచు. కాలు పెడితే గడ్డి విరిగింది. గోనెగుడ్డ విప్పి చూస్తే లోపలి మొక్కలు చాలావరకు నిలబడ్డాయి. కంచె చివర, గాలికి గుడ్డ జరిగిపోయిన చోట, పదకొండు మొక్కలు మాత్రం వేడినీళ్లు పోసినట్టు నల్లబడి వేలాడుతున్నాయి.

నేను కత్తెర తీశాను. మేస్త్రీ నా చేయి ఆపాడు.

"ఇప్పుడు కోస్తే మళ్లీ చిగిరిస్తాయి, మళ్లీ చస్తాయి. ఆ మాడిన ఆకులే కింది కొమ్మలకు దుప్పటి. సెప్టెంబరు దాకా ముట్టుకోకు."

అన్నిటికంటే కష్టమైంది అదే. చలికాలమంతా ఆ పదకొండు మొక్కలూ నా తప్పును దారిన పోయే వాళ్లందరికీ చూపిస్తూ నిలబడ్డాయి. ఒక తెలుగావిడ పాప చేయి పట్టుకుని వెళ్తూ, "అయ్యో, చచ్చిపోయినట్టున్నాయే, తీసెయ్యరేం?" అని అడిగింది. "ఇంకా తెలీదండీ, చూడాలి" అన్నాను. అది నిజంగా తెలియకే అన్న మాట.

జులైలో మావారికి మరో కార్యాలయంలో పని దొరికింది. సెప్టెంబరు చివర్లో మేస్త్రీ ఒక కొమ్మ బెరడును గోటితో గీకి చూపించాడు. పైన గోధుమరంగు, జానెడు కిందికి వచ్చేసరికి పచ్చదనం. అక్కడికి కోయమన్నాడు. పదకొండింటిలో ఎనిమిది మళ్లీ చిగిర్చాయి. మూడింటిని నేనే తవ్వి తీశాను. వేళ్లు విప్పి చూశాను. అప్పటికే నేలలోకి చాలా లోతుగా దిగి ఉన్నాయి.

ఆ ఆదివారం అమ్మకు ఫోన్ చేసి, నేను రోజూ ఏం పని చేస్తానో మొదట్నుంచీ చెప్పాను.