తీగ మీది చిలకపచ్చ చీర

ఒక కాలికి నా చెప్పు, రెండో కాలికి మా ఆవిడ చెప్పు వేసుకుని పటాన్‌చెరులోని మా ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లాను. ఆ సాయంత్రమే ఆమె నన్ను సంగారెడ్డిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది. ఫ్యాక్టరీలో స్టోర్ నా బాధ్యత. ఇంట్లో అన్నం తింటున్నా నా బుర్ర ఆ స్టోర్‌లోనే తిరిగేది. నిద్ర ఉండేది కాదు, కోపం మాత్రం పుష్కలంగా ఉండేది.

డాక్టరమ్మ బీపీకి మాత్ర రాసి, ఒక పని కూడా చెప్పింది. రోజూ పొద్దున పావుగంట ఫోను జేబులో పెట్టి, ఒకచోట నిలబడి చుట్టూ ఉన్నవి చూడాలట. మంచీ చెడూ ఎంచకూడదట. మనసు ఫ్యాక్టరీకి పరుగెత్తితే మెల్లగా వెనక్కి తెచ్చుకోవాలట. చూసినవి రెండు ముక్కలు రాసుకోవాలట.

మేముండేది ఇస్నాపూర్‌లో. నేను కంపెనీ బస్సు ఎక్కే మలుపులో ఒక చాచా దర్జీ దుకాణం, పక్కన ఒక సేటు కిరాణా కొట్టు, వాటి పైన కిరాయి గదులు ఉన్నాయి. మర్నాటి నుంచి ముందుగా వెళ్లి, వాటికెదురుగా నిలబడి చూడసాగాను. పదకొండేళ్లుగా అక్కడే బస్సెక్కుతున్నా, చాచా షట్టర్ రంగు ఆకుపచ్చ అని అప్పుడే తెలిసింది. చిన్న నోటుబుక్కులో రాసుకున్నాను.

ఆ నోటుబుక్కే కొంప ముంచింది. మూడో రోజు నేను వెళ్లేసరికి సేటు, కాలువ మీదికి వేసిన రేకుల పందిరి తనే ఊడదీయిస్తున్నాడు. నాలుగో రోజు చాచా నాకు కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"సార్, రోడ్డుకు ఎన్ని ఫీట్లు తీస్కుంటరు? దుకాణం సగమన్న మిగులుతదా?"

రోడ్డు వెడల్పు సర్వే కోసం వచ్చిన ఆఫీసరుననుకున్నారు. "నేను ఆఫీసరును గాదు చాచా. మనసు నిమ్మళం కావాల్నని సూస్తున్న, గంతే" అన్నాను.

సేటు నమ్మలేదు. "ఇంతకుముందు వచ్చినాయన గూడ ఊకెనే సూస్తున్న అన్నడు. వారంల గోడలకు ఎర్రగీతలు పడ్డయి."

ఇక లాభం లేదని నోటుబుక్కు ఆయన చేతికే ఇచ్చాను. ఆయన పైకే చదివాడు. చాచా షట్టర్‌కు ఎడమ పక్క సొట్ట ఉందని రాశాను. మూతి విప్పి పెట్టిన బియ్యం బస్తాలో సేటు పిల్లి పడుకుందని రాశాను. అక్కడ బియ్యం కొంటున్న ఒకామె సంచీ వెనక్కి తీసుకుంది. సేటు గొంతు తగ్గించి తర్వాతి పేజీలు తిప్పాడు. పై తీగ మీద చిలకపచ్చ చీర. మర్నాడు అదే చీర. ఆ మర్నాడూ అదే.

చాచా తలెత్తి పైకి చూశాడు. చీర అక్కడే ఉంది. ఆ గదిలో ఉండేది ఒక క్యాంటీన్‌లో రొట్టెలు చేసే ఒంటరి మనిషి. ఆరిన బట్ట గంటసేపు కూడా తీగ మీద ఉంచదని ఆయన చెప్పాడు. ముగ్గురం గబగబా మెట్లెక్కాం.

తలుపు తీసే ఉంది. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. బాత్రూంలో జారిందట, చీలమండ సొరకాయంత వాచింది. ఫోనులో రీచార్జి అయిపోయింది. పక్క గదుల వాళ్లు రాత్రి డ్యూటీ చేసి పగలంతా నిద్ర. పిలిచినా చాచా మిషన్ చప్పుడులో వినపడలేదు. మూడు రోజులుగా అటుకులు తిని ఉంది. మమ్మల్ని చూసి కంగారుపడింది.

"గింతమంది ఎందుకొచ్చిన్రు? నా చీర గాలికి కొట్టుకపోయిందా?"

నాకు వేసిన కుర్చీలోనే ఆమెను కిందికి దింపి, ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. ఎముక విరగలేదు, బెణికిందన్నారు. కట్టు కట్టించుకుని వచ్చేసరికి చాచా ఇంటి నుంచి పప్పు, అన్నం వచ్చాయి. ఆమె తింటున్నంతసేపూ చాచా మిషన్ తొక్కలేదు.

కంపెనీ బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. పదకొండు గంటలకు మా మేనేజర్ ఫోను చేసి అరవడం మొదలుపెట్టాడు. మామూలుగా అయితే నాకూ కోపం తన్నుకొచ్చేది. ఆ రోజు చెవి ఒగ్గి విన్నాను. పాపం, ఆయనకు గట్టిగా జలుబు చేసింది. మిరియాల పాలు తాగమని చెప్పాను. ఆయన ఒక తుమ్ము తుమ్మాడు. తర్వాత, మధ్యాహ్నం షిఫ్టుకు రమ్మని నెమ్మదిగా చెప్పి పెట్టేశాడు.