మూడో సీసా

మా తోడికోడలు నాకంటే పదేళ్లు పెద్ద. ఎదురుగా అక్కా అంటాను, వెనకాల కందిరీగ అంటాను. ఆ సంగతి ఆమెకూ తెలుసు. భోజనం మధ్యలో కూడా రెండుసార్లు లేచే మనిషి. సెంట్లు చేసే కంపెనీలో పద్నాలుగేళ్లు సీసాలకు మూతలు బిగించింది. ముక్కు మంచిదని తేలాక, సెంట్లు కలిపే బల్ల దగ్గర వేశారు. అక్కడ కుదురుగా కూర్చోవాలి. ఆ ఒక్క పనీ ఆమెకు చేతకాదు.

ఈసారి వసంతకాలానికి సున్నితమైన సెంటు కావాలన్నాడు యజమాని. పైకి నిమ్మపూల వాసన, దాని అడుగున దేవదారు చెక్క వాసన. శుక్రవారానికి కుదరకపోతే మళ్లీ మూతల దగ్గరికే పొమ్మన్నాడు. ఆ రోజునుంచి ఆమెకు నిద్ర లేదు, మాకు మనశ్శాంతి లేదు.

కలిపిన సీసాలు ఇంటికి తెచ్చి కాగితం ముక్కల మీద, నా మోచేతి మీద చుక్కలు వేసేది. మంగళవారం మా అత్తగారి శాలువా అంచుకూ ఒక చుక్క అంటించింది. అత్తగారికి సెంట్లంటే గిట్టదు.

"నన్ను కూడా వదలవా? ఏంటే ఈ కంపు?" అని ఆ పూటంతా సణిగారు. మర్నాడు ఉతుకుతానంటే మాత్రం శాలువా ఇవ్వలేదు. మొండితనం అనుకున్నాను.

పదే పదే వాసన చూస్తే ఎంత మంచి ముక్కయినా మొద్దుబారుతుంది. నాకు ఆ మాట చెప్పిందే అక్క. అయినా మంగళవారం నాటి మూడో సీసాలో చెక్క వాసన తెలియడం లేదని, బుధవారం అందులోనే ఇంకాస్త దేవదారు పోసింది. పూలు తగ్గాయని పూలు పోసింది. మళ్లీ చెక్క. మళ్లీ పూలు.

"ఘాటుగా ఉందక్కా. తల నొప్పెడుతోంది," అన్నాను గురువారం.

"నీకేం తెలుసు?" అని కసిరింది. నాకు ఒళ్లు మండింది. ఆ పూట ఆమెతో మాట్లాడలేదు.

శుక్రవారం పొద్దున సంచి తగిలించుకుని, చెప్పులు వెతుక్కుంటూ ఇల్లంతా తిరిగింది. ఒకటి అత్తగారు కూర్చున్న కుర్చీ కింద కనబడితే వంగింది. వంగిన మనిషి లేవలేదు. శాలువా అంచు ముక్కుకు ఆనించుకుని ఉండిపోయింది. నేనూ వంగి వాసన చూశాను. నిమ్మపూలు పలచగా, వాటి కింద అప్పుడే చిత్రిక పట్టిన చెక్క వాసన. ఏదీ దేన్నీ మింగలేదు.

"ఇది మూడోది. ఇదే సరైనది," అంది అక్క. "నా చేతులారా చెడగొట్టుకున్నాను."

ఆమెను చూస్తే నా కోపమంతా దిగిపోయింది. పాళ్లు నోటుబుక్కులో ఉన్నాయి కానీ, మళ్లీ కలిపితే ఆ వాసన కుదురుకోవడానికి రెండు రోజులు పడుతుంది. యజమాని పది గంటలకు రమ్మన్నాడు.

"అత్తయ్యా, శాలువా ఒకసారి ఇవ్వండి," అన్నాను.

"ఇవ్వను. కావాలంటే నేనే వస్తా పద," అన్నారు అత్తగారు.

వాళ్లిద్దరినే పంపే ధైర్యం లేక నేనూ బస్సెక్కాను.

యజమాని శాలువా అంచు వాసన చూశాడు. కళ్లు మూసుకుని మళ్లీ చూశాడు.

"ఎప్పుడు వేశావు?"

"మంగళవారమండీ."

"ఇదే చెయ్యి. ఇంక ఒక్క చుక్క కూడా కలపకు."

అక్క స్టూలు మీద కూలబడింది. కాళ్లూ చేతులూ కదపలేదు. యజమాని అత్తగారి వైపు తిరిగాడు.

"మూడు రోజులు ఉతక్కుండా ఎలా ఉంచారమ్మా?"

అత్తగారు శాలువా భుజాల మీదికి లాక్కున్నారు. కోడలి వైపు చూడలేదు.

"ఉతికితే పోతుందని," అన్నారు.