మూడు చరణాల పాట

మా మావయ్య కళ్ళజోళ్ళు చేస్తాడు. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూర్చోబెట్టడం ఆయన పని. సాయంత్రమయ్యాక షట్టరు సగం దించి, అదే కొట్టు వెనకగదిలో గిటారు మెళ్ళో తగిలించుకుని కేకలు పెడతాడు. ఆ కేకలకి రాక్ సంగీతమని పేరు. ఆ బ్యాండులో డ్రమ్ములు వాయించేది నేనే కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నా గొంతుని రోజూ భరించే మనిషి దొరకాలి కదండీ" అంటాడు. మనుషుల పేర్లు మర్చిపోతాడు గానీ ముక్కులు మర్చిపోడు. వీధిలో ఎవరైనా ఎదురైతే నమస్కారం కంటే ముందు చెయ్యి చాచి వాళ్ళ కళ్ళజోడు సరిచేస్తాడు. నాకు తల కొట్టేసినట్టుంటుంది. వాళ్ళు మాత్రం బుద్ధిగా మొహం ముందుకు పెడతారు.

మా బ్యాండుకి ఒక పిచ్చి ఉంది. సొంతంగా పాటలు రాసుకోం. వెనకటి భావకవుల పద్యాలు తీసుకుని వాటికి గిటారూ డ్రమ్ములూ తగిలిస్తాం. వెన్నెల, విరహం, కన్నీళ్ళు, ఇవన్నీ కళ్ళు మూసుకుని మెల్లగా పాడాల్సినవని లోకం అనుకుంటుంది. మావయ్య ఒప్పుకోడు. "అంత బాధలో ఉన్నవాడు మెల్లగా ఎందుకు పాడతాడే? గుండెలు బాదుకుని అరుస్తాడు" అంటాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఆయనతో నాకు పేచీ లేదు.

మా పాటల్లో ఒకటి బాగా పేలింది. బళ్ళో అందరం చదువుకున్న పద్యమే. వాచకంలో మూడు చరణాలు, పక్కన ఏటి ఒడ్డున నిలబడ్డ అమ్మాయి బొమ్మ. కవి ఆమె గుమ్మం ముందు నిలబడి, వెన్నెల కాస్తోంది, గాలి చల్లగా ఉంది, బయటికి రావే అని పిలుస్తాడు. అంతే. మావయ్య ఆ 'రావే' దగ్గర గొంతు పగిలేలా పైకి లాగి వదిలేస్తాడు. మొదటిసారి ఒక పెళ్ళిలో పాడితే పిల్లాపీచూ ముసలీముతకా అందరూ కలిసి 'రావే' అని అరిచారు. అప్పట్నుంచి పెళ్ళిళ్ళకి మమ్మల్ని పిలిచేవాళ్ళంతా ముందు ఆ పాట ఉంటుందా అనే అడుగుతారు.

మా పిన్ని, అంటే మావయ్య చెల్లెలు, ఒక పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పని చూసుకుంటుంది. ఆరేళ్ళ కిందట బాబాయి గుండె ఆగి పోయాడు. అప్పట్నుంచి పిన్ని మా సాధనకి రావడం మానేసింది. మేం పాడుతుంటే వీధి మలుపులోనే విని వెనక్కి తిరిగిపోయేది. అలాంటిది ఈ ఏడు, లాండ్రీ వ్యాను నడిపే ఆయన్ని పెళ్ళి చేసుకుంటానని చెప్పింది. చుట్టాల్లో ఒకరిద్దరు మూతి ముడిచారు. మా అమ్మ ఆ మూతులన్నీ ఒక్కరోజులో సరిచేసింది.

పిన్ని కోరింది ఒక్కటే. "అన్నయ్యా, పెళ్ళిలో నువ్వు ఆ పాట పాడాలి. నాకు ఇంకేం వద్దు." మావయ్య ఆ రోజు సంతోషం పట్టలేక ఎవరిదో కళ్ళజోడుకి కుడి అద్దం ఎడమవైపు బిగించేశాడు.

పెళ్ళి దగ్గర పడ్డాక, ఒక పెద్దాయన చదువుకునే అద్దాల కోసం కొట్టుకి వచ్చాడు. మావయ్య అద్దాన్ని సానరాయికి ఆనించి, నీళ్ళ ధార వదిలి, ఆ గరగర మీదే పాట అందుకున్నాడు. మూడో చరణం అవగానే ఆపేశాడు.

"తర్వాతది పాడరేం?" అన్నాడు పెద్దాయన.

"తర్వాతేముందండీ? అయిపోయిందిగా."

"అయిపోవడమేంటి బాబూ? అసలు పద్యం అక్కడే మొదలవుతుంది. పిల్లలు బెంగపెట్టుకుంటారని వాచకంలో కోసేశారు."

పెద్దాయన తాపీగా మిగతా నాలుగు చరణాలూ అప్పజెప్పాడు. ఆ గుమ్మం వెనక ఎవరూ లేరు. ఆమె పోయి ఏడాదైంది. కవి చచ్చిపోయిన మనిషిని పిలుస్తున్నాడు. పిలిచి పిలిచి, చివరికి వెన్నెల్లో ఒక్కడే వెనక్కి నడిచిపోతాడు. పెద్దాయన కొత్త జోడు పెట్టుకుని చక్కా వెళ్ళిపోయాడు. మావయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇన్ని పెళ్ళిళ్ళలో నేను పిలిచింది పోయిన మనిషినా?"

"పోన్లే మావయ్యా, వాళ్ళంతా నిక్షేపంలా కాపురాలు చేసుకుంటున్నారుగా" అన్నాను నవ్వు ఆపుకోలేక.

"మొగుణ్ణి పోగొట్టుకున్న పిల్ల పెళ్ళిలో, దాని ఎదురుగా నిలబడి, ఈ పాట పాడనా?"

నా నవ్వు ఆగిపోయింది.

పాడలేడు. ఎందుకు పాడలేడో పిన్నికి చెప్పనూ లేడు. అందుకని గొంతు పోయిందన్నాడు. మెడకి మఫ్లరు చుట్టాడు. వేడినీళ్ళు తాగుతూ గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాడు. కొట్టుకి వచ్చినవాళ్ళు కూడా, పాపం, గుసగుసగానే "ఎప్పుడు రమ్మంటారు?" అని అడిగేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయింది. అబద్ధమాడటం చేతకానివాడు ఇంత పెద్ద అబద్ధం ఎందుకు నెత్తికెత్తుకోవాలి?

పెళ్ళి ఇంకో రెండ్రోజులుందనగా పిన్ని మా అందరి చొక్కాలూ ఇస్త్రీ చేసి తీసుకొచ్చింది. మావయ్య గబగబా మఫ్లరు బిగించాడు.

"గొంతు ఎలా ఉంది?"

మావయ్య చెయ్యి అడ్డంగా ఊపాడు.

"ఇందాక వీధి చివర ఎవరో కూరగాయల బండి దగ్గర బేరమాడుతూ అరుస్తున్నారు. అచ్చం నీ గొంతే."

నేను సానరాయి వైపు తిరిగి నిలబడ్డాను. మావయ్య స్టూలు మీద కూలబడి, తల ఎత్తకుండా, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పెద్దాయన అప్పజెప్పిన చరణాల సంగతీ, గుమ్మం సంగతీ, అన్నీ.

పిన్ని చొక్కాలు కౌంటరు మీద పెట్టింది. "నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"ఆ నాలుగు చరణాలూ. ఆయన పోయిన ఏడాది, మీ పాట చెవిన పడితే తట్టుకోలేకపోయేదాన్ని. అసలు అందులో ఏముందా అని లైబ్రరీకి వెళ్ళి వెతుక్కుని మొత్తం చదివాను. చదివాక, పర్లేదు, నాలాంటివాడు ఇంకొకడున్నాడు అనిపించింది."

"తెలిసీ అదే పాట కావాలంటావేంటే?"

"ఆ మిగతా నాలుగు చరణాలూ ఆరేళ్ళు నేనే పాడుకున్నా అన్నయ్యా. పిలవడం, ఎవరూ రాకపోవడం. ఇప్పుడు నన్ను పిలుస్తున్నారు. నేను బతికే ఉన్నా కదా. పిలిస్తే వస్తాను."

మావయ్య మఫ్లరు మొహానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, అందులో దాచడానికేం లేదు. పిన్ని మాత్రం చొక్కాలు నలుగుతాయని కసురుకుంది.

పెళ్ళిరోజు మావయ్య ఆ మూడు చరణాలే పాడాడు. అదీ పూర్తిగా కాదు. చివరి 'రావే' దగ్గర గొంతు పూడుకుపోయి ఆగిపోయాడు. గిటారు మీద చెయ్యి కూడా కదల్లేదు. నేను డ్రమ్ములు ఆపలేదు. జనం అందుకునేలోపే పెళ్ళికూతురి గది తలుపు తీసుకుని పిన్ని బయటికి వచ్చింది.